తమ్ముడికి ఉత్తరం: కొండబాటలు, నీ రుణాల యాప్

నార్త్ వాంకూవర్, కెనడా,
ఆదివారం

చిన్నా,

ఇక్కడ అందరం కులాసా. అమ్మానాన్నలు కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను. నువ్వు పంపిన రైతు రుణాల యాప్ స్క్రీన్లన్నీ చూశాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ఈ ఊరి వెనకే ఫ్రోమ్, సీమోర్ కొండలు. వాటి మీద మౌంటెన్ బైకుల కోసం కట్టిన బాటలున్నాయి. ఆ బాటలు కట్టేవాళ్ళకీ నీకూ ఉన్న ఇబ్బంది ఒకటే: వాడేవాడికి చదివే తీరిక లేదు. గంటకి 25 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. బోర్డు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు వేసేసరికి 2 సెకన్లు పట్టిందనుకో, 14 మీటర్లు దాటేసి ఉంటాడు. అందుకని ఇక్కడ చాలా సంగతులు బోర్డుకి వదలరు, బాట చేతే చెప్పిస్తారు.

ముందు బ్రేకుల సంగతి, ఎందుకంటే నీ కొత్త డిజైన్‌లో నాకు భయం వేసింది అక్కడే. మన దగ్గర సైకిలుకైనా స్కూటీకైనా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. ఇక్కడి సైకిళ్ళకి తిరగేసి ఉంటుంది. అమెరికాలోనైతే నిబంధనల్లోనే అలా రాసుంది. కొనేవాడు అడిగితే మార్చి ఇవ్వొచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. మనవాళ్ళు కొత్త బైకు కొని చదును రోడ్డు మీద తిరుగుతారు, ఏమీ కాదు. దిగుడులో టైరు జారగానే పాత అలవాటు కొద్దీ ఎడమచెయ్యి బిగిస్తారు. అది ముందు చక్రం. బరువు అప్పటికే ముందుకి వాలి ఉంటుంది, హైడ్రాలిక్ డిస్కు బ్రేకుకి ఒక్క వేలు చాలు. మనిషి హ్యాండిల్ మీదుగా అవతల పడతాడు. ‘ఎడమది ముందు చక్రానికి’ అని స్టిక్కర్ అంటించినా లాభం లేదు. కంగారులో ఉన్నవాడు స్టిక్కర్ చూస్తాడా?

దారల్లా రెండు బ్రేకుల్నీ అటుదిటు మార్పించుకోవడమే. కేబుల్ బ్రేకులైతే ఇంట్లోనే అయిపోతుంది. హైడ్రాలిక్ అయితే లివర్ దగ్గర గొట్టం విప్పి, గొట్టం కొసన బిగించే ఆలివ్, ఇన్సర్ట్ అనే చిన్న ముక్కలు కొత్తవి వేసి, గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ ఎక్కించాలి. షిమానో కంపెనీ వాటికి మినరల్ ఆయిల్, డాట్ ఫ్లూయిడ్ (ఇంకో రకం బ్రేకు ద్రవం) అని రాసున్న వాటికి అదే. ఒకదాన్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు చెడతాయి. అంతా అయ్యాక బైకు ఎక్కకుండా, నడిపిస్తూ ఒక్కో లివర్ విడిగా నొక్కి చూసుకోవాలి.

ఇక నీ యాప్‌కి వస్తే, ‘పంపు’ బటన్ ఉన్న చోటికి ‘రద్దు’ని తెచ్చారు. ఊళ్ళలో బ్యాంకు పనులు చేసిపెట్టే బ్యాంకు మిత్రలు రోజంతా రైతుల తరఫున అవే ఫారాలు నింపుతుంటారు, వాళ్ళ బొటనవేలు చూడకుండానే అక్కడికి పోతుంది. రంగు మార్చాం కదా అంటావేమో, రంగు కూడా స్టిక్కర్ లాంటిదే. మార్చక తప్పదంటే పాత చోటు ఖాళీగా వదిలెయ్యండి. పొరపాటున నొక్కితే ఏమీ జరగకపోవడం నయం.

రెండోది, వడపోత. ఐఎంబీఏ అని కొండ సైకిలు వాళ్ళ అంతర్జాతీయ సంఘం ఒకటుంది. బాట ఎంత కష్టమో కొలిచి చెప్పడానికి వాళ్ళకో పట్టిక ఉంది. తప్పించుకోలేని రాయో వేరో తేలికైన ఆకుపచ్చ గుర్తు బాటలో 2 అంగుళాల ఎత్తు మించకూడదు, మధ్యరకం నీలంలో 8, కష్టమైన నల్ల వజ్రం గుర్తున్న దాంట్లో 15. బాట కనీస వెడల్పు కూడా 36, 24, 12 అంగుళాలు అలా తగ్గుతూ వస్తుంది. అయినా గుర్తుని నమ్మి ఊరుకోరు. కష్టమైన బాట మొదట్లోనే, లోపల ఎదురయ్యే కష్టానికి సాటివచ్చే అడ్డం ఒకటి పెడతారు: ఇరుకైన దుంగో, రాళ్ళ గుట్టో. అది నేలకి దగ్గరగా ఉండాలి, పడ్డా దెబ్బ తగలకూడదు, పక్కనుంచి వెనక్కి తిరిగే చోటుండాలి. పాపం కొత్తవాళ్ళని ఎవరో జాలిపడి దాన్ని తవ్వి చదును చేస్తే, ఆ కొత్తవాళ్ళు అరకిలోమీటరు లోపల, వెనక్కి రాలేని చోట పడతారు.

మీ ఫారంలో పట్టాదారు పాసుపుస్తకం నంబరు అడిగేది ఏడో స్క్రీన్‌లో. కౌలు రైతుకి అది ఉండదు. పేరు, ఊరు, పంట, ఎకరాలు, ఫోటో అన్నీ ఇచ్చాక అక్కడ ఆగిపోతాడు. ‘పొలం మీ పేరున ఉందా, కౌలుకి చేస్తున్నారా?’ అన్నది మొదటి స్క్రీన్‌లోనే అడగండి. కౌలు అంటే, ఆంధ్రలోనైతే సాగుదారు హక్కుల కార్డు ఉందో లేదో అప్పుడే తేల్చుకోండి. మొదట్లోనే ప్రశ్నలు వేస్తే జనం పారిపోతారని మీ మేనేజరు అన్నాడని రాశావు. పారిపోయేవాళ్ళు ఎలాగూ ఏడో స్క్రీన్ దగ్గర పోతున్నారుగా, తిట్టుకుంటూ.

ఇక మూడోది. బాటల్లో సైకిలుతో ఎగిరి దూకడానికి కట్టే దిబ్బలు రెండు రకాలు. ఎక్కే ఏటవాలుకీ దిగే ఏటవాలుకీ మధ్య గొయ్యి వదిలేస్తే అది గ్యాప్, మట్టితో నింపి చదును చేస్తే టేబుల్‌టాప్. పూర్తిగా దూకేవాడికి రెండింటికీ పెద్ద తేడా తెలియదు. సగం దూరమే దూకినవాడు టేబుల్‌టాప్‌లో మట్టి మీద దిగి సాగిపోతాడు, గ్యాప్‌లో ఎదుటి అంచుకి గుద్దుకుంటాడు. ఇక్కడి విస్లర్ సైకిలు పార్కులో ఏ-లైన్ అనే పేరుమోసిన బాటలో ఎక్కువగా టేబుల్‌టాప్‌లే. పొలం గట్టున సిగ్నల్ పోతే మీ యాప్ మొదటి స్క్రీన్‌కి తెచ్చి పడేస్తోంది, అది గ్యాప్. ప్రతి గడి నింపగానే ఫోన్‌లోనే దాచండి, సిగ్నల్ వచ్చాక పంపండి. పంపినదాన్ని కొంతసేపటిదాకా వెనక్కి తీసుకోనివ్వండి.

అరుగుదల చూడ్డం మాత్రం బాట కట్టేవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. మలుపుకి ముందు అందరూ ఒకే చోట బ్రేకు వేస్తే నేల అలలు అలలుగా గతుకులు పడుతుంది. మట్టి పోసి పూడిస్తే మళ్ళీ పడుతుంది, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు, పైన ఉంది. పైనుంచి వచ్చే వేగం ఆ మలుపుకి ఎక్కువ. కాబట్టి మలుపుకి ముందే చిన్న ఎక్కుడు పెడతారు, లేదా అడ్డొచ్చే కొమ్మలు నరికి మలుపు దూరం నుంచే కనబడేలా చేస్తారు. అలాగే నడిమధ్య నీళ్ళు నిలిస్తే అందరూ పక్కనుంచి పోతారు, బాట పాయలుగా చీలుతుంది. ‘పక్కకి పోరాదు’ అని బోర్డు పెట్టడం దండగ. బాటని లోయవైపుకి 5 శాతం వాల్చి నీళ్ళు పోయేలా చేసి, పక్కదారుల్లో రాళ్ళు పేరుస్తారు. మధ్యదారే సుఖంగా ఉంటే ఎవరూ పక్కకి పోరు. మీ బ్యాంకు మిత్రలు వివరాలు వాట్సాప్‌లో రాసుకుని తర్వాత యాప్‌లోకి ఎక్కిస్తున్నారని రాశావే, అది పాయ. వాళ్ళని మందలించకండి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూడండి.

గేర్ల గురించి క్లుప్తంగా. ముందు 3, వెనక 9 పళ్ళచక్రాలతో 27 గేర్లు ఉండేవి, వాటిలో చాలావరకు ఒకదానికొకటి నకళ్ళు. 2012లో సైకిలు భాగాలు చేసే శ్రామ్ కంపెనీ ముందు ఒక్కటే ఉంచి వెనక 11 పెట్టింది, 2016లో 12 చేసింది. ముందు 22-32-44, వెనక 11-34 పళ్ళ పాత అమరికలో చివరి గేరు మొదటిదానికి 6.2 రెట్లు, 10-50 పళ్ళ కేసెట్‌తో (వెనక చక్రాల గుత్తితో) 5 రెట్లే. అంత తగ్గినా జనం ఒప్పుకున్నారు, ముందు గేర్లు మార్చే ఎడమ బొటనవేలు ఖాళీ అయి, పోతూనే సీటు దించే మీటకి పనికొచ్చింది. మీ వడ్డీ లెక్కల పేజీలో ఉన్న తొమ్మిది ఎంపికల్ని ఈ కళ్ళతో ఓసారి చూడు.

వచ్చే ఆదివారం నాన్నకి ఆ యాప్ ఇచ్చి పక్కన కూర్చో. నోరు విప్పకు, వేలు చూపించకు. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి నొక్కారో, ఎక్కడ కళ్ళజోడు సర్దుకున్నారో కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. అమ్మ అడిగిన మోకాలి పట్టీ ఈ వారం పోస్టులో వేస్తున్నాను.

మీ అక్క