కొత్త తుపాకి కొనే ముందు

దేవరకొండ
ఆదివారం

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశాను. తుపాకి చూడటానికి మంచిగుంది, అందులో మాటే లేదు. 12 బోర్ షాట్‌గన్, సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేలగానే తర్వాతి రౌండ్ దానంతటదే ఎక్కే రకం), నల్లటి బట్. మార్కెట్లోకి వచ్చి నిండా కొన్ని నెలలు కాలేదన్నావు. "నాయనా, దీన్ని నమ్మొచ్చా?" అని అడిగావు. ఫోటో చూసి ఆ మాట చెప్పగలిగితే, నల్లగొండ పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా సర్వీసంతా గ్రీజు చేతులతో ఎందుకు గడుపుతాను? ఫోన్‌లో చెబుదామంటే సగంలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే రాస్తున్నా.

ముందు చట్టం సంగతి. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఫరవాలేదు. కానీ నీతో రేంజ్‌కు వచ్చే పిల్ల ఇంకా హెచ్-1బీ మీదే ఉందన్నావు కదా, ఆమెకు చెప్పు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ రకం వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి లేకుండా రేంజ్‌లో సరదాకు పట్టుకున్నా చిక్కే. లాయర్‌ను అడిగి తెలుసుకోమను. ఇంకో తేడా చెప్తా. మన దగ్గర 20 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న తుపాకి నిషేధం కిందికి వస్తుంది, మీ దగ్గర ఆ హద్దు 18 అంగుళాలు. నువ్వు పంపింది దానికన్నా చాలా పొడుగే.

ఇక అసలు విషయం. మీ ఆఫీసు అబ్బాయి అదే మోడల్ కొని నాలుగు డబ్బాలు, అంటే 100 రౌండ్లు పేల్చాడని, ఒక్కసారి కూడా ఆగలేదని రాశావు. నువ్వు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఈ లెక్క నాకన్నా నీకే బాగా తెలియాలి. సగటున నూటికి ఒకసారి ఆగే తుపాకి ఉందనుకో. అది 25 రౌండ్లు ఏ పేచీ లేకుండా పేల్చే అవకాశం 78 శాతం. 100 రౌండ్లు పేచీ లేకుండా పేల్చే అవకాశం కూడా 37 శాతం ఉంటుంది. అలాంటి తుపాకుల్ని ముగ్గురి చేతికిస్తే సగటున ఒకరు మెచ్చుకుంటూ ఇంటికి పోతారన్నమాట. మీ ఆఫీసు అబ్బాయి ఆ ఒక్కడేమో ఎవరికి తెలుసు. అదే వరసగా 300 రౌండ్లు ఒక్క స్టాపేజ్ లేకుండా పేలితే, ఇది నూటికి ఒకసారి కన్నా తక్కువే ఆగుతుందని 95 శాతం ధైర్యంతో అనొచ్చు. 3ని పేల్చిన రౌండ్ల సంఖ్యతో భాగించు, అంతే లెక్క. 300 అంటే 12 డబ్బాలు. ఖర్చు తక్కువేం కాదు, కానీ తుపాకి కొనడానికి పెట్టిన డబ్బులో దీన్ని కూడా కలుపుకోవాలి.

అది కూడా ఆ అబ్బాయి చేతిలో ఉన్న తుపాకి గురించి మాత్రమే. ఒకే పెట్టెలో, వరస నంబర్లతో వచ్చిన రైఫిళ్లలో ఒకటి ఏళ్ల తరబడి మాట రానీయదు, దాని పక్కదాని ఎక్స్‌ట్రాక్టర్, అంటే పేలిన రౌండ్ ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం, ప్రతి ప్రాక్టీస్‌కూ పట్టు వదులుతుంది. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే మా ఆయుధాల గదిలో, బట్ నంబరు చూడగానే ఏది ఎలాంటిదో నాకు తెలిసిపోయేది. కాబట్టి మోడల్ మంచిదా అని అడిగి ఊరుకోకు, నీకు వచ్చిన ముక్క మంచిదా అని చూడు.

నీకు ఒక పాత కథ చెప్పాలి. మా ట్రైనింగ్‌లో విన్నది, తర్వాత చదివి నిజమని రూఢి చేసుకున్నాను. జాన్ బ్రౌనింగ్ అనే ఆయన బాగా నడిచిన మొదటి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ తయారుచేసి వించెస్టర్ కంపెనీకి తీసుకెళ్లాడు. రాయల్టీ దగ్గర బేరం కుదరలేదు. రెమింగ్టన్ దగ్గరికి వెళ్తే సరిగ్గా ఆ రోజే ఆ కంపెనీ పెద్ద చనిపోయాడు. చివరికి బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ దాన్ని చేయడం మొదలుపెట్టింది, ఆ ఆటో-5 దాదాపు శతాబ్దం పాటు, 1998 దాకా తయారైంది. వించెస్టర్ ఊరుకుంటుందా? తమది కూడా ఒకటి ఉండాలని 1911లో ఒక మోడల్ దించింది. కానీ రౌండ్ వెనక మూతపడే బోల్ట్‌ను లాగే పిడి మీద పేటెంట్ బ్రౌనింగ్‌ది. అందుకని వీళ్లు పిడి తీసేసి, బ్యారెల్‌నే చేత్తో పట్టి వెనక్కి నెట్టేలా చేశారు. పట్టు కోసం బ్యారెల్ మీద గరుకు గీతలు కూడా పెట్టారు.

షాపులో నెట్టి చూస్తే బాగానే ఉంటుంది. మంచి రౌండ్లతో పేల్చినా బాగానే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో రౌండ్ల గొట్టాలు అట్టవి. చెమ్మ తగిలితే ఉబ్బేవి, చాంబర్‌లో, అంటే రౌండ్ కూర్చునే చోట, ఇరుక్కునేవి. అప్పుడు బ్యారెల్ ఒక చేత్తో కదలదు. జనం బట్‌ను నేలకు ఆనించి, మూతి తమ వైపే పెట్టుకుని, రెండు చేతులా బలంగా కిందికి నొక్కేవాళ్లు. లోపల పేలని రౌండ్ ఉండేది. దానికి ‘విడో మేకర్’ అని పేరు పడింది, అంటే ఆడవాళ్లను విధవల్ని చేసేది అని. 1925 నాటికి దాని తయారీ ఆగిపోయింది.

నేను ఈ కథ చెప్పింది భయపెట్టడానికి కాదు. ఆ తుపాకి లోపం రౌండ్ బాగున్నంత సేపు ఎక్కడా కనిపించలేదు, రౌండ్ చెడ్డాకే కనిపించింది. మన బోరు మోటారు సంగతి నీకు తెలుసు కదా. షాపులో తిప్పి చూసినప్పుడు అన్నీ బాగానే తిరుగుతాయి, ఏప్రిల్‌లో వోల్టేజీ పడిపోయినప్పుడు కదా దాని బతుకు తెలిసేది. నువ్వు కూడా ఆ 12 డబ్బాలనూ ఒకే రకం ఖరీదైన రౌండ్లతో నింపకు. కొన్ని చవకవి, కొన్ని తేలికవి, కొన్ని బరువైనవి తీసుకో. చవక రౌండ్లలో చాలా వాటికి అడుగున ఇత్తడి బదులు ఇనుప తొడుగు ఉంటుంది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి మళ్లీ కాస్త ముడుచుకుంటుంది, ఇనుము అంతగా ముడుచుకోదు. చాంబర్ లోపల నునుపు సరిగ్గా తీయకపోతే ఖాళీ అక్కడే అతుక్కుంటుంది. కొత్త మోడల్‌లో ఫ్యాక్టరీ ఎక్కడ చెయ్యి తగ్గించిందో ఇలాంటి రౌండే పట్టిస్తుంది. కానీ బ్యారెల్ మీద రాసిన చాంబర్ పొడవు చూడకుండా ఏదీ పెట్టకు. 2¾ అంగుళాల చాంబర్‌లో 3 అంగుళాల రౌండ్ పట్టినట్టే ఉంటుంది, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు ఉండదు, ప్రెషర్ పెరిగిపోతుంది.

నీ తుపాకి గ్యాస్‌దా, ఇనర్షియాదా అన్నది రాయలేదు. అది తెలియాలి, ఎందుకంటే రెండూ ఆగే కారణాలు వేరు. గ్యాస్‌దయితే బ్యారెల్‌లోని గ్యాస్ కొంత చిన్న రంధ్రంలోంచి వచ్చి పిస్టన్‌ను నెడుతుంది. మా ఎస్ఎల్ఆర్ రైఫిళ్లదీ అదే పద్ధతి. మసి పేరుకుంటే గ్యాస్ చాలదు, ఖాళీ సగం బయటికొచ్చి ఇరుక్కుంటుంది. మేం రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచుకునేవాళ్లం. షాట్‌గన్లలో చాలా వాటికి అలా తిప్పుకునే వీలు ఉండదు, శుభ్రం చేసుకోవడమే దారి. మాస్‌బర్గ్ వాళ్లు 2020లో 940 అనే మోడల్ తెచ్చినప్పుడు 1,500 రౌండ్ల దాకా తుడవక్కర్లేదని చెప్పుకున్నారు. నీ మోడల్‌కు కూడా కంపెనీ అలాంటి అంకె ఏదైనా ఇచ్చి ఉంటే, ఆ 300 రౌండ్ల మధ్యలో తుడవకు. వాళ్ల మాట మీదే వాళ్లను పరీక్షించు.

ఇనర్షియాదయితే మసి బాధ తక్కువ. అది తుపాకి వెనక్కి తన్నే వేగం మీద నడుస్తుంది. 24 గ్రాముల తేలిక రౌండ్లు వేసినా, టార్చి, రౌండ్ల పట్టీ అంటూ దాని ఒంటి నిండా బరువులు తగిలించినా ఆ తన్ను తగ్గి బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. ఇంకొకటి, బోల్ట్‌ను చేత్తో మెల్లగా మూస్తే ఒక్కోసారి లాక్ పడదు, ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ అని ఊరుకుంటుంది. దాని స్ప్రింగ్‌కే వదిలెయ్. ఎప్పుడు ‘టిక్’ అన్నా మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకండ్లు ఆగు, ఆలస్యంగా పేలే రౌండ్లు ఉంటాయి. ‘ఢాం’ అనాల్సింది ‘తుస్’ అంటే ఇంకో రౌండ్ వేయొద్దు. రౌండ్లన్నీ తీసి బ్యారెల్ లోపల ఏదైనా ఇరుక్కుందేమో చూడు.

ఆగిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో రాసుకో. ఏ కంపెనీ రౌండ్, ఎన్ని గ్రాములు, తుడిచాక ఎన్నోది, లోపలికి వెళ్లలేదా, పేలలేదా, బయటికి రాలేదా. అన్ని స్టాపేజ్‌లూ ఒకే రకం రౌండ్‌తో వస్తే తప్పు రౌండ్‌ది కావొచ్చు. రకరకాల రౌండ్లతో ఒకే చోట ఇరుక్కుంటే తుపాకిదే. మొదటి రెండు డబ్బాల్లో ఆగి, తర్వాత మానేస్తే లోపలి భాగాలు సర్దుకున్నాయనుకో. కొన్ని కంపెనీలు మొదట బరువైన రౌండ్లు పేల్చమని మాన్యువల్‌లోనే రాస్తాయి. మాన్యువల్ చదువు బిడ్డా, మీ తరానికి ఆ అలవాటే లేదు.

మొదటి రౌండ్ కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. తుపాకి ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, మందు లేని డమ్మీ రౌండ్ పెట్టి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కు. రౌండ్‌ను కొట్టే పిన్ పడకూడదు. వేలు తీసేసి సేఫ్టీ వదులు, అప్పుడు కూడా పడకూడదు. ఇక్కడ తేడా కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, వెనక్కి ఇచ్చెయ్. పేలాల్సినప్పుడు పేలకపోతే టార్గెట్‌గా విసిరే మట్టి పావురం ఎగిరిపోతుంది, పేలకూడనప్పుడు పేలితే మనిషి పోతాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మీ దేశంలో తుపాకికి పైన అడిగేవాడు లేడు. కారులో లోపం తేలితే వెనక్కి తెప్పించే అధికారం అక్కడ ప్రభుత్వానికి ఉంది. తుపాకి మాత్రం వినియోగదారుల భద్రతా కమిషన్ చేతికి రాకుండా 1970లలోనే కాంగ్రెస్ అడ్డం కట్టింది. వెనక్కి తీసుకోవాలంటే కంపెనీ తనంతట తానే తీసుకోవాలి. ప్రమాణాలు రాసే సంస్థ కూడా 1926లో తయారీదారులు పెట్టుకున్న సంఘమే. బ్రిటన్‌లో అలా కాదు, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో 1813 నుంచి బ్యారెళ్లను మామూలు కన్నా ఎక్కువ ప్రెషర్‌తో పేల్చి ముద్ర వేస్తున్నారు. కొత్త మోడల్ మొదటి ఏడాదిలో కంపెనీ చడీచప్పుడు లేకుండా స్ప్రింగులు, చిన్న భాగాలు మారుస్తుంది. స్పేర్ ఎక్స్‌ట్రాక్టర్ ఇప్పుడే దొరుకుతుందా అని షాపులో అడుగు. వాడు నీళ్లు నమిలితే అర్థం చేసుకో.

చందంపేట వైపు పందుల కోసం లైసెన్స్ తుపాకి ఉన్న మా దోస్తు ఒకాయన ఉన్నాడు. సింగిల్ బ్యారెల్, వాళ్ల నాయన కాలంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేస్తాడు, తెచ్చుకుంటాడు. ఎప్పుడూ ఆగదు. ఆగడానికి దాని లోపల ఏముంది? నీకు కూడా పాత డిజైన్లు చాలా ఉన్నాయి. రెమింగ్టన్ 870 పంప్ యాక్షన్ 1950 నుంచి ఉంది, కోటికి పైగా చేశారు. ఎక్కడ అరుగుతుందో, దానికి ఏ మందో ప్రతి మెకానిక్‌కూ తెలుసు. అయితే పేరు పాతదైనంత మాత్రాన నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిన ముక్క మంచిదని కాదు, దానికీ ఇదే పరీక్ష.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెప్తున్నా. శనివారాలు మట్టి పావురాలు కొట్టడానికే అయితే కొనుక్కో, ఆగితే నవ్వుకుని సరిచేసుకోవచ్చు. ఇంట్లో రక్షణకు అని కూడా ఒక మాట అన్నావు. దానికైతే ఏడాది ఆగు, లేదా పాత డిజైన్ తీసుకో. ఇంట్లో చిన్నోడున్నాడు, వాడికి నాలుగేళ్లు. ఇనుప బీరువా తుపాకి కన్నా ముందు రావాలి. భద్రం చేయకుండా వదిలేసిన, పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకి 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లోనూ నేరమే.

కొంటే మాత్రం మొదటి రోజు పేల్చిన ఖాళీలు పారేయకు. ఒక్కో రకంవి నాలుగైదు తీసి, వెనక భాగం వెలుతురులో పెట్టి దగ్గరగా ఫోటోలు పంపు. వెనక మధ్యలో ఉండే క్యాప్ మీద పిన్ గుంట మధ్యలో పడిందా పక్కకు పడిందా, లోతుగా ఉందా, అంచును ఎక్స్‌ట్రాక్టర్ ఎంత కొరికిందో చూసి నేను చెప్తాను. ఫోటోలు నాకే పంపు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు. మీ అమ్మకు ఈ సంగతి ఇంకా తెలియదు, ఆ పని నువ్వే చూసుకో.

నాయన