పరమాణువును అణువు చేస్తే ఎలా?

సంపాదకుల వారికి,

అయ్యా, పోయిన ఆదివారం మీ విజ్ఞానం పేజీలో ‘అణువులు’ కాంతిని పీల్చుకోవడాన్ని లేజర్ మెరుపులతో ఫొటో తీశారని వేశారు. సవరణ వస్తుందేమోనని నాలుగు రోజులు చూశాను. రాలేదు.

ప్రయోగం హీలియం పరమాణువుల మీద. పరమాణువులు కలిసి ఏర్పడేది అణువు. అణువుకీ పరమాణువుకీ తేడా రాయలేకపోతే తొమ్మిదో తరగతి పిల్లలకే మార్కులు పోతాయి. ఇక ఆటోసెకను సెకనులో లక్ష కోట్లో వంతు అన్నారు. అది పికోసెకను. సెకనును వంద కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేది ఆటోసెకను. మీరు రాసింది పది లక్షల రెట్లు ఎక్కువ! బంగారం ధరలో ఒక్క సున్నా తప్పితే ఊరుకుంటారా?

అది ఫొటో కూడా కాదు. ముందు ఒక ఆటోసెకను మెరుపు హీలియంను తాకుతుంది. ఆ వెంటనే పరారుణ లేజర్ మెరుపొకటి వచ్చి, ఉత్తేజం పొందిన పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది. దాంతో కాంతిని పీల్చుకునే పని మధ్యలోనే ఆగిపోతుంది. రెండు మెరుపుల మధ్య ఎడాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ, బయటికొచ్చిన కాంతి వర్ణపటంలో, అంటే విడదీసిన రంగుల పట్టీలో, పీల్చుకున్న చోట పడే గీత ఏ మేరకు ఏర్పడిందో చూస్తారు. ఆ గీత ఒక్కసారిగా పడదు, కొన్ని ఫెమ్టోసెకన్లలో (ఒక్కోటి వెయ్యి ఆటోసెకన్లు) రూపు కడుతుంది. 2016లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం చూపించింది ఇదే. ఎంత అందమైన సంగతి! దీన్ని ‘ఫొటో’ అనే ఒక్క ముక్కతో తేల్చేశారు.

ఆటోసెకను మెరుపులకు దక్కిన 2023 భౌతికశాస్త్ర నోబెల్ గురించి రాస్తూ అగోస్తినీ, క్రౌస్ పేర్లు ఇచ్చి, ఆన్ లూలియే పేరు వదిలేయడం నాకు మరీ బాధ కలిగించింది. 1987లో ఫ్రాన్స్‌లో పరారుణ లేజర్‌ను జడవాయువు గుండా పంపి ఈ దారికి పునాది వేసిన బృందంలో ఆమె ఉన్నారు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఐదో మహిళ. ఆడపిల్లలు చదివే పేజీ కదండీ అది.

ఒక్క పత్రికను అని ఏం లాభం? మా మనవరాలు ఇంటర్ రెండో ఏడు. ప్రైవేటు కాలేజీ. రెండేళ్లలో ఒక్కసారి కూడా పట్టకం చేతికివ్వలేదు. సీనియర్ల రికార్డు చూసి రాయించారు, ప్రాక్టికల్స్‌లో ఫుల్ మార్కులు పడ్డాయి. తనిఖీకి వచ్చిన అధికారులు ల్యాబ్ తలుపైనా తీయించలేదు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం నాడు ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చి సూర్యుడి వర్ణపటాన్ని పరిశీలించింది మా గుంటూరులోనే. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. అదే ఊళ్లో ఇప్పుడు సైన్సు చదివే పిల్ల ఏడు రంగులు విడిపోవడాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసింది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. లూలియే పేరుతో సహా.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు