పట్టు పట్టడమే కాదు, ఎప్పుడు పట్టాలో కూడా నేర్పించండి: క్రీడల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బడి పిల్లల కబడ్డీ శిక్షణలో పాతుకుపోయిన ఒక లోపాన్ని మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. మన మైదానాల్లో పిల్లలు వరుసలో నిలబడి, ఎదుటివాడు చాచి ఉంచిన కాలిని ఒకరి తర్వాత ఒకరు పట్టుకుంటూ యాంకిల్ హోల్డ్ సాధన చేస్తారు. చేతులు ఎక్కడ పడాలో, నడుము ఎంత వంచాలో అలా చేస్తేనే అబ్బుతుంది. సరిగా నేర్వకపోతే వేళ్లు, మోకాళ్లు దెబ్బతింటాయి కనుక ఆ సాధనను మానమని నేను కోరడం లేదు. అయితే ఆటలో కూతకు వచ్చినవాడు, అంటే రైడర్, కాలు చాచి నిలబడడు. చేయి ఒకవైపు చూపి మరోవైపు తిరుగుతాడు. ఆ అరక్షణంలో దూకాలా, ఆగాలా, పక్కనున్న కవర్ (మూలకు లోపలివైపు నిలబడే ఆటగాడు) కదిలేదాకా చూడాలా అన్నది కార్నర్‌లో, అంటే మూలన, ఉన్న పిల్లవాడే తేల్చుకోవాలి.

కూతకు ఉన్న వ్యవధి 30 సెకన్లు. ఎదుట కనీసం ఆరుగురు ఉంటేనే రైడర్‌కు బోనస్ గీత దాటినందుకు బోనస్ పాయింటు దక్కుతుంది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ టాకిల్ కింద అదనపు పాయింటు వస్తుంది. రెండు కూతలు వరుసగా ఖాళీగా పోతే, మూడో కూతలో పాయింటు తేలేని రైడర్ అవుటవుతాడు. అంటే ఆ మూడో కూతలో తొందరపడవలసింది రైడరే. అయినా మన పిల్లలే ముందుగా దూకి పాయింటు సమర్పించుకుంటారు, లేదా గీత బయటి నుంచి కోచ్ ‘పట్టు, పట్టు’ అని అరిచేదాకా కదలరు. వాళ్లకు తెలివి లేక కాదు, సొంతంగా ఆలోచించే అవకాశం సాధనలో ఎన్నడూ ఇవ్వనందువల్ల ఇలా జరుగుతోంది.

కాబట్టి పట్టు నేర్పిన రోజునే, స్కోరూ మిగిలిన సమయమూ ముందే చెప్పి, ముగ్గురు డిఫెండర్లపైకి ఒక రైడర్‌ను పంపి ఆడించేలా క్రీడా పాఠశాలల శిక్షణ ప్రణాళికను సవరించండి. పొరపాటు జరిగినచోట కోచ్ ఆట ఆపి, ‘ఇప్పుడెందుకు దూకావు?’ అని అడిగి, పిల్లవాడి జవాబు పూర్తిగా వినాలి. బడుల్లోని వ్యాయామ ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతిలో తర్ఫీదు ఇప్పించండి. అన్నింటికన్నా ముఖ్యంగా, అండర్-14 స్థాయిలో కోచ్ పనితీరును పతకాల లెక్కతోనే తూచవద్దని విన్నవిస్తున్నాను. ఈ రోజు మ్యాచ్ గెలిచి తీరాలన్న ఒత్తిడి ఉన్నంతకాలం, నిర్ణయాన్ని పిల్లవాడికి వదిలే ధైర్యం ఏ కోచ్‌కూ రాదు.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు