నాలుగు గీతలున్నా నెట్ ఎందుకు రాదంటే

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో 5జీ వేగం గురించి వేసిన వార్త టీ కొట్టు దగ్గర చదివాను. ఏ ఊళ్లో సెకనుకు ఎన్ని మెగాబిట్లో పట్టిక కూడా ఇచ్చారు. నేను పన్నెండేళ్లుగా సత్తుపల్లి, వేంసూరు, అశ్వారావుపేట చుట్టుపక్కల ఫైబర్ కేబుళ్లు అతికే పని చేస్తున్నాను. మా ఊళ్ల బాధ ఆ పట్టికలో ఎక్కడా కనపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

దారిలో నా బండి ఆపి జనం అడిగేది ఒకటే మాట: "సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ రాదేందయ్యా?" ఆ గీతలు ఫోనుకీ టవరుకీ మధ్య సంగతే చెబుతాయి. టవరు దాటాక చాలాచోట్ల అంతా నేలలోని కేబుల్ మీదే ఆధారం. అది తెగిందంటే గీతలు నాలుగూ అట్లాగే ఉండి ఫోనులో చక్రం మాత్రం తిరుగుతూ ఉంటుంది. రేషన్ షాపులో వేలిముద్ర పడదు. కిరాణా కొట్టు ముందు పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని, డబ్బులు పోయాయో లేదో తెలియక జనం నిలబడిపోతారు. 5జీ టవరైనా అంతే, కింద తీగ లేకపోతే అది ఉత్త ఇనుప స్తంభం.

ఆ కేబుల్‌లో ఉండేవి ఫైబర్ అనే సన్నటి గాజుపోగులు, నెట్ వాటిలో వెలుగు రూపంలో పోతుంది. ఫైబరులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సత్తుపల్లి నుంచి హైదరాబాద్‌కు రెప్పపాటు కూడా పట్టదు. ఆ వెలుగును మధ్యలో ఆపేది జేసీబీ బకెట్.

పోయిన జూలైలో ఒక రోడ్డు వెడల్పు పని దగ్గర కేబుల్ తెగింది. అదే కల్వర్టు దగ్గర అది నాలుగోసారి. పోగులోకి వెలుగు పంపి దూరం కొలిచే ఓటీడీఆర్ మిషన్ పెడితే తెగిన చోటు ఇంత దూరంలో ఉందని చూపించింది. కానీ జాయింట్ల దగ్గర గుంటల్లో కేబుల్ చుట్టలు చుట్టి వదులుతాం కదా, అందుకే మిషన్ చెప్పే దూరానికీ రోడ్డు మీది దూరానికీ పొంతన ఉండదు. కేబుల్ దారి గుర్తుకు పాతే మార్కర్ రాళ్లుంటే వాటిని చూసి చోటు పట్టొచ్చు. అవి అప్పటికే మట్టి కింద పడి ఉన్నాయి. చివరికి చోటు చూపించింది జేసీబీ డ్రైవరే. "అన్నా, నారింజ రంగు పైపు ఒకటి బకెట్‌కు తగిలింది, నీళ్ల పైపు అనుకున్నా" అన్నాడు. దాచకుండా చెప్పాడు, అదే పదివేలు.

వర్షం మొదలైంది. టార్పాలిన్ కింద కూర్చుని మొదలుపెట్టాను. గాజుపోగు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే, మిల్లీమీటరులో నూరో వంతు కూడా కాదు. పై పొర ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో నిటారుగా కోసి, రెండు కొసలూ అతికే మిషన్‌లో ఎదురెదురుగా పెడితే నిప్పురవ్వ వేసి కరిగించి అతికిస్తుంది. ఒక్క చినుకు పడినా, చిన్న దుమ్ము కణం ఉన్నా మళ్లీ మొదటికే. తెగిన ముక్కలు కంటికి ఆనవు గానీ వేలిలో దిగితే రెండు రోజులు సలుపుతాయి. అందుకే మోకాలికి సెల్లోటేపు తిరగేసి అంటించుకుని దాని మీద పెడతాను. అది 24 పోగుల కేబుల్. లాగుడుకు కొసలు పాడయ్యాయి కాబట్టి మధ్యలో కొత్త ముక్క వెయ్యాలి. అంటే 48 అతుకులు. రాత్రి ఏడింటికి కూర్చుంటే ఒంటిగంట దాటింది. అంతసేపూ ఆ డ్రైవరే సెల్లు లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ మట్టిలో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అతుకు ఎంత బాగా వేసినా కొంత వెలుగు తగ్గుతుంది. ఒకే చోట నాలుగుసార్లు తెగి, అందులో రెండుసార్లు హడావుడిగా అతికితే ఆ లైను ఎండాకాలం చెరువులా అయిపోతుంది. పోయే సమాచారంలో తప్పులు పెరిగి, పంపిందే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. మీరు కొలిచే వేగం అక్కడ పోతోంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2023 మార్చి 22న ప్రధానమంత్రి 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ప్రారంభించారు. తవ్వేవాళ్లు ముందుగా అందులో చోటు చెబితే, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్నవాళ్లకు కబురు పోతుంది. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల సార్లు కేబుళ్లు తెగి, 3,000 కోట్ల రూపాయల నష్టం వస్తోందని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. ఆ డ్రైవరుకు ఆ యాప్ పేరే తెలియదు, మేస్త్రీకీ తెలియదు. నా మనవి ఒకటే: రోడ్డు పనికి గానీ, డ్రైనేజీ పనికి గానీ బిల్లు పెట్టేటప్పుడు ఆ యాప్‌లో నమోదు చేసిన నంబరు రాయకపోతే బిల్లు పాస్ చేయకూడదు. బిల్లు ఆగితే కాంట్రాక్టరుకు యాప్ వాడటం ఒక్కపూటలో వస్తుంది.

ఇక రింగుల సంగతి. 2023 ఆగస్టులో కేంద్రం, గ్రామ పంచాయతీలకు ఫైబర్ నెట్ ఇచ్చే భారత్‌నెట్ పథకానికి 1,39,579 కోట్ల రూపాయలు ఆమోదించింది. పంచాయతీలను ఒకే తీగకు వేలాడదీయకుండా రింగులా కలపాలన్నది అందులోని మంచి ఆలోచన. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. అయితే రెండు తీగలూ ఒకే కల్వర్టు మీదుగా, ఒకే ట్రెంచ్‌లో పోవడం నా కళ్లారా చూశాను. కాగితం మీద అది రింగే, బకెట్‌కు మాత్రం ఒకే దెబ్బ. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అది జేసీబీకి అందదు గానీ గాలివానకు అందుతుంది. నేలలో వేసేచోట 165 సెంటీమీటర్ల లోతు అని లెక్క. రాయి తగిలితే రెండడుగులకే మట్టి కప్పేసిన చోట్లు నాకు తెలుసు, అతకడానికి పోయినప్పుడు గడ్డపార కూడా అక్కర్లేదు. రింగు పూర్తయిందని సంతకం పెట్టే అధికారి రెండు దారుల్లోనూ ఒకసారి బండి మీద తిరిగి రావాలి.

2024లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల్లో సేవలు 24 గంటలు దాటి ఆగితే వినియోగదారుడికి పరిహారం ఉంది, సంతోషం. కానీ లెక్క జిల్లా అంతటికీ. మూడు ఊళ్లు మూడు రోజులు నెట్ లేకుండా ఉన్నా జిల్లా లెక్కలో అది ఆగినట్టు కాదు. ఈ లెక్క కనీసం మండలానికి దించమని మీ పత్రిక అడగాలి.

నిన్న అటువైపు పోయాను. నేను అతికిన చోటు మీద కంకర కుప్ప పోసి ఉంది. మార్కర్ రాయి పక్కన పడుకుని ఉంటే లేపి నిలబెట్టి, చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి వచ్చాను. ఆ రోడ్డుకు ఇంకా ఒకవైపు తవ్వాల్సి ఉంది.

కాంట్రాక్టు పని కాబట్టి నా పేరు వేయవద్దని ప్రార్థన.

ఇట్లు,
ఒక ఫైబర్ జాయింటర్,
సత్తుపల్లి, ఖమ్మం జిల్లా