పార్కుకు తాళం పడితే నెత్తురులో కొవ్వు పెరుగుతుంది

సంపాదకులకు నమస్కారములు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తిన సంగతి పాఠకులకు తెలిసిందే. నీళ్లు తీశాక ఇళ్లు కడుక్కున్నాం, తడిసిన పరుపులు, బీరువాలు వీధిలో పడేశాం. కాని మా కాలనీ పార్కులో పేరుకున్న బురద నెలల తరబడి అలాగే ఉండిపోయింది, గేటుకు తాళమూ పడింది. పదకొండేళ్లుగా మధుమేహం ఉన్న నేను రోజూ తెల్లవారుజామున నలభై నిమిషాలు నడిచింది ఆ పార్కులోనే.

నడక ఆగాక ఏమైందో నా రక్తపరీక్షల కాగితాలే చెబుతాయి. రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు జులైలో 168 ఉండి, డిసెంబరుకల్లా 274కు చేరాయి. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 39 నుంచి 35కు దిగింది. మందులు అవే, తిండీ దాదాపు అదే. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌లో పెద్ద తేడా లేకపోవడంతో ఇంట్లోవాళ్లు కొలెస్ట్రాల్ బాగానే ఉందనుకున్నారు. అక్కడే పొరపడుతున్నాం. మధుమేహం ఉన్నవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక కాలేయం కొవ్వును ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వును కండరాలు వాడుకోవాలంటే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము చురుగ్గా ఉండాలి. గంటల తరబడి కూర్చుంటే కాలి కండరాల్లో అది మందగిస్తుంది, కదిలితే మళ్లీ పుంజుకుంటుంది.

జనవరి నుంచి డాబా మీదే, ఎండుమిరపకాయలు ఆరబోసిన చాపల చుట్టూ తిరుగుతూ నడక మొదలుపెట్టాను. మార్చి చివరికి ట్రైగ్లిజరైడ్లు 186కు తగ్గాయి. హెచ్‌డీఎల్ మాత్రం 36 దగ్గరే ఉంది, అది పెరగడానికి నెలలు పడుతుందని మా డాక్టరుగారు ముందే చెప్పారు. వ్యాయామంతో ఇన్సులిన్‌కు కలిగే మేలు రెండు మూడు రోజులకే తరిగిపోతుంది కనుక, వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలనీ, వరుసగా రెండు రోజులకు మించి మానకూడదనీ వైద్యులు చెబుతారు. నడుస్తున్నాం కదా అని కొలెస్ట్రాల్ మాత్రలు సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. ఇంతమందికి నడిచే చోటు కూడా మందులాంటిదే. వరద తర్వాతా, మరమ్మతుల సమయంలోనూ పార్కులో కనీసం నడకదారినైనా ముందు శుభ్రం చేసి తెరవాలని, అది కుదరకపోతే దగ్గరలోని పాఠశాల మైదానాన్ని బడి వేళకు ముందు రెండు గంటలు నడిచేవారికి వదలాలని, రోహిణి కార్తె ఎండలకు భయపడి రాత్రిపూట నడిచేవారి కోసం దీపాలు వెలిగించాలని అధికారులను కోరుతున్నాను. నాకు డాబా ఉంది. మా కింది వాటాలో అద్దెకున్న అమ్మగారికి మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కడం కష్టం, వాహనాల మధ్య రోడ్డు మీద నడవాలంటే భయం. నాకున్న జబ్బే ఆమెకూ ఉంది, పార్కు మూసినప్పటి నుంచి ఆమె నడక మళ్లీ మొదలే కాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సింగ్‌నగర్, విజయవాడ.