ఎమ్మారై యంత్రంతో పాటు రొమ్ము కాయిల్ కూడా ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను దేవరకొండ ప్రాంతంలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించిన దాన్ని. నిరుడు పత్తి ఏరే రోజుల్లో, 39 ఏళ్ల మా తోడికోడలికి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. కణజాలం దట్టంగా ఉండడంతో రొమ్ముకు తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో ఏదీ తేలలేదు, అల్ట్రాసౌండ్‌లో ఒకటికి మూడు గడ్డలు కనిపించాయి. అప్పు చేసి దగ్గరి పట్టణంలో ఎమ్మారై తీయించాం. ఆ ఫిల్ములు పట్టుకొని హైదరాబాద్ వెళితే డాక్టరమ్మ వెలుగుకు పెట్టి చూసి, "వెల్లకిలా పడుకోబెట్టి తీశారు, మందు కూడా ఎక్కించలేదు, వీటితో నేనేమీ చెప్పలేనమ్మా" అన్నారు.

నెలసరి మొదలైన ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తీస్తేనే బొమ్మ తేటగా వస్తుందని కూడా అప్పుడే తెలిసింది. మళ్లీ రావలసి వచ్చింది. రెండోసారి మా తోడికోడలు పుస్తెలతాడు, మెట్టెలు తీసి నా కొంగున కట్టి లోపలికి వెళ్లింది. రొమ్ములు ఇమిడేలా రెండు గుంటలుండి, అక్కడి సంకేతాలను పట్టే రొమ్ము కాయిల్ అనే పరికరం మీద బోర్లా పడుకోబెట్టి, గడ్డ బొమ్మలో తేటగా కనిపించేలా చేసే గాడోలినియం మందు నరం ద్వారా ఎక్కించి, ఎక్కించక ముందూ ఆ తరువాత కొన్ని నిమిషాల పాటూ వరుసగా బొమ్మలు తీశారు.

అసలు సంగతి ఆ నిమిషాల్లోనే ఉంది. కేన్సర్ గడ్డ తనకోసం కొత్తగా, కారిపోయే రక్తనాళాలను పెంచుకుంటుంది కనుక మందు అందులోకి ఒక్కసారిగా చేరి, సాధారణంగా త్వరగానే బయటికి పోతుంది. మామూలు గడ్డలో చాలావరకు నిదానంగా నిండుతూ పోతుంది. అంచు నున్నగా ఉందా, ముళ్లుముళ్లుగా ఉందా అన్నదీ, కణాల మధ్య నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నదీ దీనికి తోడు చూస్తారు. అయినా కొన్ని మామూలు గడ్డలు కేన్సర్‌లా నటిస్తాయి, కొన్ని కేన్సర్లు సాధువుల్లా కనిపిస్తాయి. అందుకే చివరి మాట సూదితో ముక్క తీసి చేసే బయాప్సీదే. మా తోడికోడలి విషయంలో అది ఫైబ్రోఅడినోమా, అంటే కేన్సర్ కాని గడ్డ అని తేల్చింది.

గడ్డ ఉన్న ప్రతి ఆడమనిషికీ ఎమ్మారై తీయమని నేను కోరడం లేదు. అల్ట్రాసౌండ్‌లో అనుమానంగా కనిపించిన గడ్డకు నేరుగా బయాప్సీ చేయడమే మేలు, ఖర్చూ తక్కువ. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తేల్చలేని చోట మాత్రమే ఈ పరీక్ష కావాలి. ఆ కొద్దిమందైనా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి దాకా పరుగెత్తే పని లేకుండా చూడమని నా విన్నపం.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆ బోధనాసుపత్రులలో ఎమ్మారై అంటే యంత్రం ఒక్కటే కాదని, రొమ్ము కాయిల్, మందు ఎక్కించే ఇంజెక్టర్, ఈ బొమ్మలు చదవడంలో శిక్షణ పొందిన రేడియాలజిస్టు కలిస్తేనే ఆ సేవ పూర్తయినట్లని ఉత్తర్వుల్లో రాయించండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలినియం విషయంలో జాగ్రత్త అవసరం కనుక ముందుగా వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, ఆ తరువాత బయాప్సీ అక్కడే జరగాలి. తేదీ రాసిచ్చే కిటికీ దగ్గర నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగే నర్సమ్మ ఒకరుంటే, కూలి మానుకొని వచ్చిన మనిషికి ఒక ప్రయాణం తప్పుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా