మీ నాన్నగారి చిత్రిక ఇంకా అటక మీదే ఉందా?

బర్మింగ్‌హాం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులు దాటింది. జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, బల్ల ఖాళీ లేకపోవడం. మా భోజనాల బల్ల మీద ఇప్పుడు రెండు అట్ట నమూనాలు, ఒక ప్లైవుడ్ చట్రం, జిగురు సీసా, గరుకు కాగితం ముక్కలు, నీళ్లు నింపిన కెటిల్ ఉన్నాయి. నెలరోజులుగా మేము సోఫాలో కూర్చుని కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. అదంతా మా అమ్మాయి చదువట.

ఈ చదువు పేరు డిజైన్ అండ్ టెక్నాలజీ. పిల్లలు పొట్టిగా డీటీ అంటారు. ఇంగ్లండులో 1990 నుంచి జాతీయ పాఠ్యప్రణాళికలో ఉంది. మా పిల్లల బడిలో ఏడో తరగతిలో ప్రతి పిల్లా పిల్లాడూ కొన్ని వారాలు కొయ్యపని, కొన్ని వారాలు కుట్టుపని, కొన్ని వారాలు వంట చేయాల్సిందే. మావాడు తొడుక్కునే చొక్కాకు గుండీ కూడా కుట్టుకోలేడు కానీ మొన్న వాళ్ల క్లాసులో రొట్టె కాల్చుకొచ్చాడు. గట్టిగానే ఉంది, అయినా తిన్నాం. తొమ్మిదో తరగతి చివరికి వచ్చేసరికి మాత్రం పిల్లలే ఎంచుకోవాలి. 2004 దాకా పదహారేళ్ల వరకూ చాలామందికి ఇది తప్పనిసరిగా ఉండేదట. ఆ తర్వాత వదులుకునే వీలు రావడంతో తీసుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు.

మా అమ్మాయి దీన్నే తీసుకుంటానంది. మా ఆవిడ కంప్యూటర్ సైన్స్ అంది. నేను మధ్యలో దూరి, “వడ్రంగం నేర్చుకోవడానికి ఇంతదూరం విమానమెక్కి వచ్చామా?” అన్నాను. మాట నోరు దాటగానే నువ్వూ, వడ్రంగంతోనే నిన్ను పెంచిన మీ నాన్నగారూ కళ్లముందు నిలబడ్డారు. నాలుక కరుచుకున్నాను. ఇక అడ్డు చెప్పలేదు.

పరీక్ష సంగతి చెబుతాను, లెక్కల మేష్టారివి కదా. సగం మార్కులకు రెండు గంటల రాతపరీక్ష. అందులోనూ లెక్కల వాటా వంద మార్కులకు పదిహేను. మిగతా సగం తయారుచేసిన వస్తువుకూ దాని వెనకున్న పుస్తకానికీ. పరీక్షల బోర్డు జూన్ 1న కొన్ని సందర్భాలు ప్రకటిస్తుంది. పిల్లలు ఒకటి ఎంచుకుని, ఎవరో ఒక మనిషి అవసరం పట్టుకుని, సుమారు ముప్ఫైఅయిదు గంటల్లో వస్తువు చేయాలి. అసలు పని బడిలో, టీచరు కళ్లముందే జరగాలి. ఇంట్లో ఉన్నవన్నీ ప్రయత్నాలే. నేను వేలు పెట్టకూడదు. సలహా చెప్పబోతే, “నాన్నా, అది నీ ఆలోచన అవుతుంది” అంటుంది. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంది. వేళ్ల కీళ్లన్నీ వాచిపోయాయి. నిండు కెటిల్ ఎత్తి టీ పోసుకోలేదు. దాన్ని ఎత్తే పని లేకుండా ఒంచితే చాలనే చట్రం చేస్తానంది మా పిల్ల. ముందు ఏం చేసిందో తెలుసా? పిల్లలు ఆడుకునే రంగుమట్టి ముద్ద తీసుకెళ్లి, “గట్టిగా కాదు, మీకు నొప్పి లేనంత పట్టుకోండి” అని ఆవిడ చేతిలో పెట్టింది. ఆ ముద్ద మీద పడిన అచ్చు చూస్తే నాకు గొంతు పట్టేసింది. నాలుగు వేళ్ల గుర్తులు పడ్డాయి, చిటికెన వేలిది పడనే లేదు. పిడి ఆకారం ఆ ముద్దలోంచే వచ్చింది. నేనైతే అంగడిలో దొరికే పిడి కొని బిగించేవాణ్ని.

మొదటి చట్రం ఘోరంగా విఫలమైంది. ఇరుసు కింద, ముందు అంచున పెట్టింది. అంటే లీటరున్నర నీళ్ల బరువంతా వెనకనుంచి లేపాలి. పైగా ఒక హద్దు దాటాక కెటిల్ మొత్తం ముందుకు బోర్లా పడింది. చల్లనీళ్లు కాబట్టి బతికిపోయాం. మా ఆవిడ బట్టతో బల్ల తుడుస్తుంటే ఈ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఫోను తీసి ఫొటో కొట్టుకుంది! పుస్తకంలో అతికించి, బరువు కేంద్రం ఎక్కడుందో, ఇరుసు ఎందుకు పైకి, వెనక్కి జరగాలో పక్కనే రాసింది. ఆ తప్పుకీ మార్కులున్నాయట. ఏం తప్పింది, దాన్నిబట్టి ఏం మార్చావు అన్నదే వాళ్లు చూస్తారట. మన బడిలో లెక్క తప్పితే తుడిచెయ్యమనేవారు, తుడిచిన మరక కనిపిస్తే వేళ్ల మీద బెత్తం. నీ క్లాసులో ఎలా ఉందిరా ఇప్పుడు?

ఇంకొకటి. పోయిన వేసవిలో నువ్వు దాన్ని ఏటికొప్పాక తీసుకెళ్లావు కదా, అది ఊరికే పోలేదు. తిరుగుతున్న అంకుడు కొయ్యకు లక్క కణిక ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకోవడం, మొగలి ఆకుతో నిగ్గు తేల్చడం అన్నీ బొమ్మలు గీసి పెట్టుకుంది. పిడికి లక్కపూత వేస్తానని వారం రోజులు పట్టుబట్టింది. ఆఖరికి తనే వద్దనుకుంది. వేడికి లక్క మెత్తబడుతుంది, మరుగుతున్న కెటిల్ పక్కన నిలవదు అని. ఆ కారణం కూడా ఒక పేజీ అయి కూర్చుంది.

వాళ్ల పనిగదికి ఒకసారి వెళ్లాను. లేజరు కోత యంత్రం, త్రీడీ ప్రింటరు, గోడకు వరసగా రంపాలు. జుట్టు ముడవకుండా, కళ్లద్దాలు పెట్టుకోకుండా డ్రిల్లు దగ్గరికి రానివ్వరు. కాలి బొటనవేలితో కొయ్య తొక్కిపట్టి ఉలి దించే మీ నాన్నగారిని చూస్తే ఆ టీచరు స్పృహ తప్పేవాడు. అన్నట్టు, బాల్సా అనే కొయ్య గోటితో నొక్కితే సొట్ట పడుతుంది, కానీ పుస్తకంలో దాన్ని గట్టి కొయ్య జాబితాలో రాయాలట. గట్టిదనం లెక్క కాదు, అది వెడల్పాకుల చెట్టు కావడమే లెక్క. మీ నాన్నగారు వింటే ఒక్క చూపు చూసేవారు.

అసలు విషయానికి వస్తాను. పీఠానికి లేజరుతో కోసిన అతుకులు వదులుగా వచ్చాయి. కిరణం కాల్చేసిన సన్నని సందు లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు కుసీ బెజ్జం పెట్టి, అంటే ఒక కొయ్య కొన సన్నగా చెక్కి రెండోదాని బెజ్జంలో బిగించి, చేత్తోనే చేస్తానంటోంది. నాలుగు చేసింది, నాలుగూ ఊగుతున్నాయి. మీ ఇంటి అరుగు మీద మనం చదువుకుంటుంటే, మీ నాన్నగారు ఒక గీత గీసి, ఆ గీతకు ఏదో ఒక పక్కనే రంపం పెట్టేవారు. ఏ పక్కనో నాకు గుర్తురావడం లేదు. నిన్నేమో పనిముట్లు ముట్టనివ్వలేదు, ముట్టుకుంటే చదువు పోతుందన్నట్టు. అయినా నువ్వు చూసే ఉంటావు.

మార్చి లోపల అది పని ముగించాలి. ఒకసారి అటక ఎక్కి చూడు. చిత్రిక, మూలమట్టం ఉంటే ఫొటో పంపు, పాత ఇనుము వాడికి మాత్రం ఇవ్వకు. ఆదివారం నీకు వీలైనప్పుడు అమ్మాయి ఫోను చేస్తుంది. నాకు చెప్పొద్దు, దానికే చెప్పు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రాజు